హ్యాండ్‌బ్రేక్: సైజు ఎంత కావాలో అడగని సాఫ్ట్‌వేర్

నేను లెక్కల టీచర్ని. వేగాన్ని కాలంతో గుణిస్తే దూరం వస్తుందని ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెప్పుకొస్తున్నదాన్ని. అదే లెక్క నా కంప్యూటర్లో వీడియో ఫైలు రూపంలో ఎదురుపడితే మాత్రం గుర్తుపట్టలేకపోయాను. గుర్తుపట్టేలా చేసింది వీడియో ఫైళ్లను చిన్నవి చేసే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్. ఏడాదిగా దాదాపు రోజూ వాడుతున్నాను కాబట్టి నాలుగు మాటలు రాయాలనిపించింది. ఐదుకి నాలుగున్నర మార్కులు. ఆ అర మార్కు ఎందుకు కోశానో తర్వాత చెబుతాను.

ముందు నా అవసరం ఏమిటో చెప్పాలి. బోర్డు ఎదురుగా స్టాండుకి ఫోన్ బిగించి, పాఠం చెబుతూ రికార్డు చేస్తాను. మొదటిసారి చేసిన పాఠం 42 నిమిషాలు. ఫైలు 5.3 జీబీ. పాఠాలు అప్‌లోడ్ చేయాల్సిన చోట ఒక్కో ఫైలు 200 ఎంబీ దాటకూడదు. అంటే దాన్ని ఇరవై ఏడో వంతుకి తేవాలి.

అప్పటికి నా దగ్గర డబ్బు కట్టి కొన్న కన్వర్టర్ ఒకటి ఉంది. పేరు వద్దులెండి. అందులో ‘సైజు ఎంత శాతం తగ్గించాలి’ అని ఒక జారుడు బటన్ ఉంటుంది, అంతే. 90 దాకా లాగాను. 536 ఎంబీ వచ్చింది. ఇంకా ఎక్కువే ఉందని, అలా తగ్గిన ఫైలునే మళ్లీ లోపలికి తోసి 65 శాతం తగ్గించాను. 188 ఎంబీ. హమ్మయ్య అనుకుని అప్‌లోడ్ చేసి పడుకున్నాను.

మర్నాడు పిల్లల నోటుబుక్కులు చూస్తే తెలిసింది. నేను బోర్డు మీద రాసింది ఎక్స్ స్క్వేర్ ప్లస్ 5ఎక్స్ ప్లస్ 6. వీడియోలో ఎక్స్ నెత్తిన ఉన్న ఆ చిన్న 2 కాస్తా బూడిదరంగు మచ్చగా మారిపోయింది. సుద్ద సరిగ్గా తుడవలేదేమో అన్నట్టుంది. సగం మంది దాన్ని ఎక్స్ ప్లస్ 5ఎక్స్ అనుకుని, చక్కగా కలిపేసి, 6ఎక్స్ ప్లస్ 6 అని జవాబు రాశారు. వాళ్ల లెక్కలో తప్పేం లేదు. తప్పు నా ఫైలుది.

అప్పుడు తెలిసినవాళ్లు హ్యాండ్‌బ్రేక్ పెట్టుకోమన్నారు. ఇది పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఉంది. 2003లో ఎరిక్ పెటిట్ అనే ప్రోగ్రామర్ బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం దీన్ని మొదలుపెట్టాడు. 1.0 అని నంబరు వేసుకోవడానికి 2016 డిసెంబరు 24 దాకా ఆగారు, అంటే పదమూడేళ్లు. ఇంత నింపాది మనుషులు రాసిన సాఫ్ట్‌వేర్ అంటే నాకెందుకో నమ్మకం. గుర్తుగా ఒక అనాసపండు, పక్కన ఒక గ్లాసు. వీడియోలకీ దానికీ సంబంధం ఏమిటో నన్నడక్కండి. ఒక్క జాగ్రత్త: హ్యాండ్‌బ్రేక్ డాట్ ఎఫ్ఆర్ అనే అసలు సైటు నుంచే దించుకోండి. 2017 మేలో డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదానిలోకి హ్యాకర్లు చొరబడి, మ్యాక్ వెర్షన్ స్థానంలో మాల్‌వేర్ కలిపిన ఫైలు పెట్టారు. కొన్ని రోజుల్లోనే పట్టుకుని తీసేశారు. సందేహం ఉన్నవాళ్లు దించుకున్న ఫైలును సరిచూసుకోవడానికి చెక్‌సమ్‌లు కూడా ఇస్తారు.

తెరవగానే కాస్త కంగారు పుడుతుంది. సమ్మరీ, డైమెన్షన్స్, ఫిల్టర్స్, వీడియో, ఆడియో, సబ్‌టైటిల్స్, చాప్టర్స్ అంటూ ట్యాబులు. నేను దేన్నీ ముట్టుకోలేదు. ఫైలు లోపలికి లాగి వదిలాను, ‘ఫాస్ట్ 1080పీ30’ అనే ప్రీసెట్, అంటే ముందే కూర్చిపెట్టిన సెట్టింగుల కట్ట, దానంతటదే ఎంచుకుంది, స్టార్ట్ నొక్కాను. 539 ఎంబీ వచ్చింది. పాత కన్వర్టర్ మొదటి దెబ్బకి ఇచ్చిన సైజే దాదాపు. తేడా ఏమిటంటే ఎక్స్ మీది 2 బోర్డు మీద ఎలా ఉందో అలాగే ఉంది. సుద్ద గీత అంచులు కూడా తెలుస్తున్నాయి.

సరే, ఇప్పుడు దీన్ని 200కి తేవాలి. ‘200 ఎంబీ’ అని ఎక్కడ టైపు చేయాలో వెతికాను. ట్యాబులన్నీ రెండుసార్లు తిరిగాను. అలాంటి గడే లేదు. ఒకప్పుడు ఉండేదట, టార్గెట్ సైజు అని. తర్వాత కావాలనే తీసేశారట. ఆ పూట మాత్రం ఒళ్లు మండింది. ఫైలు చిన్నది చేయడానికి పెట్టుకున్న సాఫ్ట్‌వేర్‌లో ఎంత చిన్నది కావాలో చెప్పే వీలు లేకపోవడం ఏమిటి?

సైజు తగ్గాలంటే బొమ్మ చిన్నది కావాలి కదా అని నా బుర్రకు తోచింది. వీడియో ట్యాబులో ‘యావరేజ్ బిట్‌రేట్’ అని ఉంది, అక్కడ 1500 వేసి ఒకసారి నడిపాను. 523 ఎంబీ. తర్వాత డైమెన్షన్స్‌లోకి వెళ్లి 1080పీని 720పీ చేసి, మిగతావన్నీ అలాగే ఉంచి మళ్లీ నడిపాను. బొమ్మ వైశాల్యం సగం కంటే తగ్గింది కాబట్టి ఫైలు కూడా సగం అవుతుందని లెక్క వేసుకుని కూర్చున్నాను. 523 ఎంబీ వచ్చింది. మళ్లీ.

తప్పు ఫైలు చూస్తున్నానేమో అని రెండూ పక్కపక్కన తెరిచి చూశాను. ఒకటి 1920 బై 1080, ఇంకోటి 1280 బై 720. సైజు మాత్రం ఒక్కటే. అప్పుడు వెలిగింది. నేను ఇచ్చింది సెకనుకి ఇన్ని బిట్లు ఖర్చు పెట్టు అనే ఆజ్ఞ. సెకన్లు మారలేదు. సెకనుకి బిట్లు మారలేదు. ఇంకేం మారుతుంది? బిట్‌రేట్ వేగం, నిడివి కాలం, ఫైలు సైజు దూరం. ఆ గుణకారంలో పిక్సెల్ అనే మాటే లేదు. ఫ్రేమ్ రేటు లేదు. నాణ్యత లేదు. ఏ కోడెక్, అంటే వీడియోను ఏ పద్ధతిలో కుదించాం అన్నదీ లేదు.

మరి 720పీ చేసినందుకు ఏమీ జరగలేదా అంటే, జరిగింది. 1080పీ ఫ్రేములో 20.7 లక్షల పిక్సెల్స్, 720పీలో 9.2 లక్షలు. అవే బిట్లను రెండుంపావు రెట్లు తక్కువ పిక్సెల్స్‌కి పంచింది కాబట్టి ఒక్కో పిక్సెల్ వాటా పెరిగింది. బిట్‌రేట్ కటకటగా ఉన్నప్పుడు ఈ పంపకమే బొమ్మను కాపాడుతుంది. బిట్‌రేట్ మనమే ఇచ్చినప్పుడు రిజల్యూషన్ తగ్గించడం అనేది సైజు తగ్గించే పని కాదు, తగ్గించిన సైజులో బొమ్మ పాడవకుండా చూసుకునే పని. ఇది నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే రెండు రాత్రులు కలిసొచ్చేవి.

ఇక అసలు లెక్క చేతికొచ్చింది. 200 ఎంబీ అంటే 1600 మెగాబిట్లు, బైటుకి ఎనిమిది బిట్లు కాబట్టి. అంటే 16 లక్షల కిలోబిట్లు. 42 నిమిషాలంటే 2520 సెకన్లు. భాగిస్తే సెకనుకి 634 కిలోబిట్లు, కేబీపీఎస్ అంటారు. ఇది బొమ్మకీ మాటకీ కలిపి. ఇక్కడే నేను ఇంకో చోట తడబడ్డాను. ఆడియో ట్యాబులో 160 అని ఉంది, దాన్ని పట్టించుకోలేదు. 160 కేబీపీఎస్ ఆడియో 42 నిమిషాలకి ఎంతవుతుంది? 50 ఎంబీ! నాకున్న హద్దులో పావు వంతు నా గొంతుకే పోతోంది. అదీ స్టీరియోలో. నేనొక్కదాన్నే ఒకచోట నిలబడి మాట్లాడుతుంటే ఎడమ చెవికీ కుడి చెవికీ వేరుగా ఏం వినిపించాలి? మోనో చేసి 64 పెట్టాను. 20 ఎంబీకి దిగింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే నాకైతే తేడా తెలియలేదు. జీబీల లెక్కలో ఉండే సినిమా ఫైళ్లలో ఈ ఆడియో సంగతి ఎవరూ చూడరు, చూడక్కర్లేదు కూడా. తక్కువ బిట్‌రేట్ పాఠాల్లో మాత్రం ఇది పెద్ద పద్దు.

634లో 64 తీసేస్తే 570. బొమ్మనీ మాటనీ కలిపి ఉంచే ఎంపీ4 ఫైలు అనే డబ్బాకి కూడా కాస్త బరువు ఉంటుంది, సగటు అన్నది గీత గీసినట్టు కచ్చితంగా రాదు. అందుకని 550 వేశాను. మల్టీ పాస్ టిక్కు పెట్టాను. ఇది వీడియోను ముందు ఒకసారి పూర్తిగా చదివి ఎక్కడ కదలిక ఎక్కువ, ఎక్కడ తక్కువ అని నోట్ చేసుకుని, రెండోసారి ఆ ప్రకారం బిట్లు పంచుతుంది. ప్రశ్నపత్రం అంతా ఒకసారి చదివి తర్వాత రాయడం మొదలుపెట్టే పిల్లల్లాగన్నమాట. టైము ఎక్కువ పడుతుంది, సైజు మాత్రం అనుకున్నచోటే ఆగుతుంది.

వచ్చింది 193 ఎంబీ. అయితే విండోస్‌లో చూస్తే 184 అని ఉంది. మళ్లీ టెన్షన్. తర్వాత తేలిందేమిటంటే, నేను ఎంబీ అంటే పది లక్షల బైట్లు అని లెక్క వేశాను. విండోస్ 10,48,576 బైట్లను ఒక ఎంబీ అంటుంది. రెండూ ఒకటే ఫైలు. హద్దు దగ్గర నిలబడి లెక్క చేసేటప్పుడు హద్దు తక్కువ బైట్లకి వచ్చే లెక్కనే నమ్ముకోవడం క్షేమం, అంటే పది లక్షలదే.

బొమ్మ సంగతి? నా ఎక్స్ స్క్వేర్‌లోని 2 కనబడుతోంది. 720పీలో, సెకనుకి 550 కిలోబిట్లలో. ఒక్కో ఫ్రేముకి సగటున పడింది 2.3 కేబీ. ఏ కుదింపూ లేకపోతే అదే ఫ్రేముకి 13.8 లక్షల బైట్లు కావాలి. అంటే ఆరువందల రెట్లు నొక్కినా అంకె బతికింది. ఎందుకంటే బోర్డు కదలదు. వీడియోను కుదించే భాగాన్ని ఎన్‌కోడర్ అంటారు; అది కొన్ని ఫ్రేములను మాత్రమే పూర్తిగా దాచుతుంది, మిగతావాటికి ‘ముందున్నదానికీ దీనికీ తేడా ఇదీ’ అని మాత్రం రాసుకుంటుంది. నా చెయ్యి కదిలినచోటే ఖర్చు.

ఈ ముక్క అర్థమయ్యాక ఆ సైజు గడి ఎందుకు తీసేశారో కూడా అర్థమైంది. హ్యాండ్‌బ్రేక్ మామూలుగా మనల్ని అడిగేది సైజు కాదు, ‘బొమ్మ ఎంత బాగుండాలి’ అని. దానికి ఆర్‌ఎఫ్ అనే అంకె ఇస్తుంది. హెచ్.264 కోడెక్‌లో ఫైలు చేసే ఎక్స్264 ఎన్‌కోడర్‌తో ఇది 0 నుంచి 51 దాకా ఉంటుంది, తక్కువైతే మేలు. మార్కులా చదివితే తికమక పడతారు, ర్యాంకులా చదవండి. 1080పీకి 20 నుంచి 24 మధ్య పెట్టుకోమని వాళ్లే సూచిస్తారు. అంకె 6 పెరిగితే బిట్‌రేట్ సుమారుగా సగమవుతుంది, 6 తగ్గితే దాదాపు రెట్టింపు. నాణ్యత మనం చెబితే దానికి ఎన్ని బిట్లు కావాలో ఆ వీడియోనే తేల్చుకుంటుంది.

ఎంత తేడాగా తేల్చుకుంటుందో చూద్దామని ఒక ఆదివారం కూర్చున్నాను. ఒక నిమిషం పెరట్లో వాన తీశాను, చెట్టు ఆకులు ఊగుతూ. ఇంకో నిమిషం కంప్యూటర్ తెర మీద స్లయిడ్లు తిప్పుతూ స్క్రీన్ రికార్డింగ్. రెండూ 1080పీ, రెండూ ఆర్‌ఎఫ్ 22. వాన 96 ఎంబీ. స్లయిడ్లు 3 ఎంబీ. ఒకే సెట్టింగు, ఒకే నిడివి, ముప్ఫైరెండు రెట్ల తేడా. వానలో ఏ ఫ్రేమూ ఇంకో ఫ్రేములా ఉండదు మరి, ప్రతిసారీ కొత్తగా రాసుకోవాల్సిందే. అదే 550 కేబీపీఎస్ వానకి ఇచ్చి చూశాను. సైజు చెప్పినట్టే వచ్చింది, గుణకారం తప్పలేదు. చెట్టు మాత్రం పచ్చరంగు గడుల దుప్పటి అయిపోయింది.

దీని వల్ల ఒక వింత సంగతి తెలిసింది. సాయంత్రం మసక వెలుగులో తీసిన పాఠం, అదే ఆర్‌ఎఫ్‌లో, పొద్దున తీసినదానికంటే బాగా పెద్దది వస్తోంది. అదే బోర్డు, అదే నేను. కారణం నాయిస్. వెలుతురు చాలకపోతే ఫోన్ కెమెరా బొమ్మనిండా సన్నని రవ్వలు పోస్తుంది, అవి ఫ్రేము ఫ్రేముకీ మారుతుంటాయి. ఎన్‌కోడర్‌కి అది నాయిస్ అని తెలియదు పాపం, అదీ ఒక వాన అనుకుని శ్రద్ధగా రాసుకుంటుంది. గదిలో ఇంకో రెండు లైట్లు వేశాను, ఫైళ్లు తగ్గాయి. లైటు స్విచ్చు నొక్కితే ఫైలు సైజు తగ్గుతుందంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఇప్పటికే తీసేసిన వీడియోలకైతే ఫిల్టర్స్ ట్యాబులో ఈ రవ్వలు తీసేసే డీనాయిజ్ ఉంది, తక్కువ మోతాదైన ‘లైట్’ అనే సెట్టింగులో పెట్టి వాడండి. గట్టిగా పెడితే మొహం మైనంతో చేసినట్టు నున్నగా అయిపోతుంది.

కోడెక్ గురించి కూడా ఒక మాట. హెచ్.264 తర్వాతి తరం కోడెక్ హెచ్.265 పెడితే సైజు సగమవుతుందని అందరూ అంటారు. ఆ మాట అలా పట్టుకుంటే మోసపోతారు. 550 కేబీపీఎస్ అని ఇస్తే హెచ్.264లో ఎంత సైజో, హెచ్.265లోనూ అంతే, ఇంకా కొత్తదైన ఏవీ1లోనూ అంతే. కొత్త కోడెక్ చేసేది అవే బిట్లతో ఇంకా మంచి బొమ్మ ఇవ్వడం. దాన్ని చూసుకుని మనం బిట్‌రేట్ తగ్గిస్తే అప్పుడు సైజు తగ్గుతుంది. హెచ్.264 ప్రమాణం 2003లో వచ్చింది, హెచ్.265 వచ్చింది 2013లో. అంత నాణ్యతనే దాదాపు సగం బిట్‌రేట్‌తో ఇవ్వాలన్నది దాని లక్ష్యం. నా పాత ల్యాప్‌టాప్‌లో అది మూడింతలు టైము తీసుకుని, ఫ్యాను గోల పెట్టింది. పైగా పిల్లల దగ్గర ఏ ఫోన్ ఉంటుందో తెలియదు, పాతవాటిలో కొన్నింటికి అది పడదు. పాఠాలకి నేను హెచ్.264 దగ్గరే ఆగాను. ఇంకో సంగతి, ఎక్స్264లో 22కీ హెచ్.265 ఎన్‌కోడరైన ఎక్స్265లో 22కీ పోలిక లేదు. ఒకటే ఆర్‌ఎఫ్ కదా అని పక్కపక్కన పెట్టి సైజులు చూసి తీర్పు ఇవ్వకండి.

ఎన్‌వెంక్, క్విక్ సింక్ లాంటి, కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ చిప్పుతో పనిచేసే హార్డ్‌వేర్ ఎన్‌కోడర్లు కూడా ఇందులో వాడుకోవచ్చు. చాలా వేగం. కానీ అదే బిట్‌రేట్‌లో నిదానంగా చేసిన ఎక్స్264 బొమ్మే నా కంటికి బాగుంది. తొందర లేనివాళ్లకి క్యూ ఉంది కదా. ఐదు పాఠాలు వరసలో పెట్టి, అయిపోయాక కంప్యూటర్ ఆఫ్ చేయమని చెప్పి నేను నిద్రపోతాను.

మా సహోద్యోగి ఒకాయన మొన్న తన 2 ఎంబీపీఎస్ వీడియోను క్లారిటీ పెరుగుతుందని 8 ఎంబీపీఎస్‌కి మార్చుకున్నారు. ఫైలు నాలుగు రెట్లయింది, మసక మాత్రం అలాగే ఉంది. పోయిన వివరం బిట్లు పోస్తే తిరిగి రాదు సార్ అంటే, మరి అంత సైజు ఎలా పెరిగింది అంటారు. గుణకారం సార్ అన్నాను.

ఇక కోసిన అర మార్కు. ఆర్‌ఎఫ్‌లో పెడితే ఫైలు ఎంత వస్తుందో ముందే చెప్పదు, చెప్పలేదు కూడా. ప్రివ్యూలో ఒక నిమిషం ముక్క ఎన్‌కోడ్ చేసి, 42తో గుణించి అంచనా వేసుకుంటాను. పాఠం మొత్తం ఒకే తీరున ఉంటే బాగానే కుదురుతుంది, మధ్యలో కిటికీ బయటి చెట్టు ఫ్రేములోకి వస్తే గల్లంతే. దానికైతే నేను మార్కు కోయలేదు, అది వీడియోల స్వభావం. కోసింది ఇంకో దానికి. ఆడియోను ఉన్నదున్నట్టు దాటించే పాస్‌త్రూ ఉంది కానీ వీడియోకి లేదు. మొదట్లో నేను బోర్డు తుడుస్తున్న రెండు నిమిషాలు తీసేయాలన్నా మొత్తం మళ్లీ ఎన్‌కోడ్ కావాల్సిందే. ఎన్‌కోడ్ చేసిన ప్రతిసారీ ఎంతో కొంత వివరం పోతుంది. పాత కన్వర్టర్‌తో రెండుసార్లు తోసినప్పుడు నాకు జరిగిన నష్టంలో అదీ ఒక భాగమే. అందుకని ఇప్పుడు ఫోన్‌లోని అసలు ఫైలు నుంచే, ఒక్కసారే, కత్తిరింపు కూడా అందులోనే చేసేసి బయటికి తీస్తున్నాను.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఇంట్లో దాచుకునే కాపీకి 1080పీలో ఆర్‌ఎఫ్ 20, సైజు ఎంతైనా సరే. అప్‌లోడ్ కాపీకి ముందు 720పీలో ఆర్‌ఎఫ్ 24 పెట్టి చూస్తాను. లైట్లు పెరిగాక చాలాసార్లు అదే 200 లోపు ఉంటోంది, అప్పుడు లెక్కతో పనే లేదు. దాటితేనే కాగితం తీసి భాగహారం చేసి యావరేజ్ బిట్‌రేట్ వేస్తాను.

బోర్డు మీద ఘాతాంకాలు మాత్రం కాస్త పెద్దగా రాయడం అలవాటు చేసుకున్నాను.